తాబేలు గొంతు

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు వెనకాల ఆమెను బ్రేకులమ్మ అనుకునేవారు. స్టీరింగు పట్టుకోగానే సగంమందికి కాళ్ళూ చేతులూ తమవి కానట్టు అయిపోతాయి. వాళ్ళ పక్క సీట్లో కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "బ్రేకు! బ్రేకు నొక్కండి! అది క్లచ్చండీ బాబూ!" అని అరవడమే ఆమె ఉద్యోగం. నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అయినా ఆమెకు కాలికంటే నోరే ముందు కదిలేది. ఏళ్ళ తరబడి అలా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఫోన్లో మొదటిసారి విన్నవాళ్ళు "చెప్పండి సార్" అనేవారు.

ఆ గొంతంటే పడిచచ్చే మనిషి ప్రపంచం మొత్తం మీద ఒక్కతే ఉండేది. ఆమె కూతురు. పదేళ్ళది. కాలు ఒకచోట నిలవదు, నోరు మూతపడదు, అందుకని ఇంట్లో అందరూ పిట్ట అనేవారు.

పిట్టకు అయిదేళ్ళప్పటి నుంచి తల్లీకూతుళ్ళు 'ఉప్పుకోట' పుస్తకాలు చదువుతున్నారు. పిల్లల సాహస కథలు. నిద్రరాజు అనే మాయావి ఒక్కో ఊరినే నిద్రపుచ్చి, ఆ ఊరివాళ్ళ కలలన్నీ ఎత్తుకుపోయి తన ఉప్పుకోటలో దాచుకుంటూ ఉంటాడు. పడవ నడిపే ఒక పిల్లా, వీపు మీద దీపం మోసే ఒక ముసలి తాబేలూ కలిసి ఆ ఊళ్ళను లేపుకుంటూ పోతారు. ఏడాదికో పుస్తకం వచ్చేది. చదవడం అమ్మ వంతు, వినడం పిట్ట వంతు. పిట్టకు తనంతట తాను చదువుకోవడం వచ్చాక కూడా ఆ ఏర్పాటు మారలేదు. పడవపిల్లకు ఒక గొంతు, నిద్రరాజుకు ఆవలింతలతో ఒక గొంతు పెట్టి చదివేది తల్లి. తాబేలు గొంతైతే వాటన్నిటినీ మించిపోయేది. పడిశం పట్టిన ముక్కుతో, స్టార్టు కాని పాత ఇంజనులా గురగురలాడుతూ, "నన్ను... తొందర... పెట్టకు... పిల్లా" అని ఆమె సాగదీస్తుంటే పిట్ట మంచం మీద పడి దొర్లేది. "మళ్ళీ అను అమ్మా, మళ్ళీ అను" అని అదే మాట నాలుగుసార్లు అనిపించుకునేది.

ఇద్దరికీ ఒక ఒట్టు ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క పేజీ కూడా ముందుకు తిప్పకూడదు.

ఇక చివరి పుస్తకం రావాల్సి ఉంది. పిట్ట నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన పుస్తకాల షాపులో ముందే చెప్పి పెట్టాడు. సరిగ్గా ఆ నెలలోనే బ్రేకులమ్మ గొంతు పూర్తిగా ఎగిరిపోయింది. ఒకరోజు మలుపు దగ్గర "బ్రేకు" అని అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. కాలు ఉంది గనుక కారు ఆగింది.

డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పంపి చూసి, స్వరతంతువుల మీద రెండు వైపులా గట్టిపడి కాయలు కాశాయని చెప్పింది. "చేతికి కాయలు కాసినట్టేనండీ. మీరు అరిచి కాయించుకున్నారు. చిన్న ఆపరేషన్ చేసి తీసేద్దాం. తర్వాత మాత్రం మాట్లాడకూడదు."

"ఎన్నాళ్ళు?" అని అడిగాడు భర్త. అంత ఆశగా అడగక్కర్లేదనిపించింది బ్రేకులమ్మకు.

"రెండు వారాలు. గుసగుస కూడా వద్దు, అది గొంతుకి ఇంకా చేటు. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా చప్పుడు లేకుండా కానివ్వండి."

ఆ రెండు వారాలూ ఇంట్లో సాయంగా ఉండడానికి చెల్లెలు వచ్చింది.

చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటారు. ఆమె రైల్వే స్టేషన్లో అనౌన్సరు. రైళ్ళు ఎప్పుడు వస్తాయో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తాయో, ఎందుకు రావో మైకులో చెప్పడం ఆమె పని. రైలు ఎంత ఆలస్యమైనా ఆ గొంతు వింటూ జనం తిట్టుకోవడం మరిచిపోతారని తోటి ఉద్యోగులు అనేవారట. ఆ గొంతు ఆమెకు పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా, "చిన్నదాన్ని పిలవండి, ఒక పాట వింటాం" అనేవారు. పెద్దదాన్ని కూడా పిలిచేవారు, మంచినీళ్ళు తెమ్మని. గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి, చెల్లెలి పాట అయ్యేదాకా లోపలికి రాకుండా ఆగిన రోజులు బ్రేకులమ్మకు ఇప్పటికీ గుర్తే. పాట మధ్యలో వస్తే అమ్మ కళ్ళెర్రజేసేది.

చెల్లెలు మంచిది. అదే అసలు బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకోవచ్చు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చేటప్పుడు అక్కకు మెత్తటి పళ్ళు తెచ్చేది. వంట చేసేది. పిట్టకు జడ వేసేది. బ్రేకులమ్మ సైగ చేయకముందే ఏం కావాలో కనిపెట్టేది. అప్పుడప్పుడు సైగ పూర్తి కాకుండానే పని అయిపోయి, చెయ్యి గాల్లో మిగిలిపోయేది.

ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే పుస్తకం వచ్చింది. లావుపాటి అట్ట, దాని మీద చీకటి సముద్రం, దూరంగా ఒక్క దీపం. పిట్ట దాన్ని గుండెకు హత్తుకుని, "నీకు గొంతు వచ్చేదాకా ఆగుతానమ్మా, ఒట్టంటే ఒట్టే" అంది. బ్రేకులమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. పుస్తకాన్ని తన తలగడ పక్కన పెట్టుకుంది. రోజూ రెండు మూడుసార్లు తీసి, అట్ట తుడిచి, తిరగేసి చూసి మళ్ళీ పెట్టేసేది.

నాలుగు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పిట్ట స్కూలు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మా క్లాసులో చాలామంది చదివేశారు పిన్నీ. చివర్లో ఏమవుతుందో చెప్పేస్తామని నన్ను ఏడిపిస్తున్నారు. చెవులు మూసుకుని తిరుగుతున్నా."

చిన్నది వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అంతేనా? నేను చదువుతాలే. అక్కా, నువ్వూ వింటావుగా! ముగ్గురం కూర్చుని చదువుకుందాం. ఏమంటావు?"

పిట్ట అమ్మ వైపు చూసింది. అమ్మ ఫోన్ తీసి, మాట్లాడలేక అందరికీ చూపించే ఆ చిన్న తెరమీద, 'వద్దు' అని రాసింది. రాసింది చూసుకుంటే తనకే సిగ్గేసింది. చెరిపేసి సరేనని తల ఊపింది.

చెల్లెలు మంచం అంచున కూర్చుంది. అది బ్రేకులమ్మ చోటు. పుస్తకం తెరిచి, గొంతు కూడా సవరించుకోకుండా మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే గది మారిపోయింది. సముద్రం అంటే సముద్రం కనపడింది. ఆ గొంతు ఎక్కడా పెరగలేదు, ఎక్కడా తొందరపడలేదు. ఏ మాట దగ్గర ఆగాలో అక్కడే ఆగేది. హాల్లో టీవీ చూస్తున్న భర్త కాసేపటికి టీవీ కట్టేసి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంకాసేపటికి నేల మీద చతికిలబడ్డాడు.

"ఇంత బాగుంటుందా ఈ కథ!" అన్నాడు.

బ్రేకులమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయిదు పుస్తకాలు ఇదే గదిలో ఆమె గొంతు చించుకుని చదివింది. ఆ మనిషి ఒక్కనాడైనా తొంగి చూశాడా? "కాస్త మెల్లిగా, వార్తలు వినపడట్లేదు" అని అరవడం తప్ప!

తాబేలు వచ్చింది. చిన్నది దానికి నెమ్మదైన, లోతైన గొంతు పెట్టింది.

"పిన్నీ, తాబేలు అలా మాట్లాడదు" అంది పిట్ట వెంటనే. "దానికి పడిశం."

"పడిశమా? పుస్తకంలో ఎక్కడా లేదే."

"పుస్తకంలో లేదు. అమ్మ చదివితే ఉంటుంది."

బ్రేకులమ్మ ఎవరికీ కనపడకుండా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

కానీ ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. మూడో సాయంత్రం చిన్నది పడిశం పట్టిన ముక్కుతో గురగురలాడబోతే పిట్ట ఆపేసింది. "వద్దులే పిన్నీ. నీ తాబేలే బాగుంది. నిజంగా ముసలిదానిలా ఉంది." అని పిన్ని భుజం మీద తల వాల్చుకుంది.

బ్రేకులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మాట్లాడకూడదని చెప్పారు గానీ గిన్నెలు మోగించకూడదని ఎవరూ చెప్పలేదు. భర్త వెనకాలే వచ్చాడు.

"ఏంటా మోత? అక్కడ నిద్రరాజు పడవ ముంచేస్తున్నాడు, సరిగ్గా వినపడి చావట్లేదు."

ఆమె తిరిగి చూసిన చూపుకి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మెల్లగా, "కుళ్ళుగా ఉంది కదూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆమె తడిచేతులతోనే ఫోన్ తీసి రాసింది. 'నేను చదివేటప్పుడు మీరెప్పుడూ వినలేదు.'

"అప్పుడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆలస్యం అయ్యేది కదా!"

'ఈ మధ్య లిఫ్టులన్నీ త్వరగా బాగవుతున్నాయా?'

ఆయన తల గోక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె డ్రైవింగ్ స్కూలుకు బయల్దేరింది. నేర్పడం కుదరకపోయినా ఆఫీసులో కూర్చుని దరఖాస్తులు సర్దడానికి రోజూ వెళ్తూనే ఉంది. వెళ్తూ వెళ్తూ పుస్తకాన్ని చేతిసంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆ క్షణాన అడిగితే చెప్పలేకపోయేది. చెల్లెలు సగం దాకా చదివింది. మిగతా సగం ఇంకా ఎవరి గొంతూ తగలకుండా అలాగే ఉంది. అది మాత్రమే ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక షెడ్డులో నిలిపిన తన కారు ఎక్కింది. ఎప్పుడూ కూర్చునే పక్క సీట్లోనే కూర్చుంది. పుస్తకం తెరిచింది. ఒట్టు గుర్తుకొచ్చింది. పెదాలు కదపకుండా, ఏ గొంతూ పెట్టకుండా, జీవితంలో మొదటిసారి ఉప్పుకోట కథ కళ్ళతో చదివింది. ముందు గబగబా, దొంగతనం చేస్తున్నట్టు చదివింది. తర్వాత తొందర మరిచిపోయింది. ఎవరో వచ్చి అద్దం తట్టి, "మేడమ్, నా లైసెన్సు టెస్టు ఎప్పుడు?" అని అడిగితే, చేత్తో పొమ్మని సైగ చేసింది. వాడు భయపడి నిజంగానే పోయాడు.

చివరి అధ్యాయంలో ఊళ్ళన్నీ మేలుకుంటాయి. కానీ ఒక్క ఊరు మిగిలిపోతుంది. అది సముద్రానికి అవతల ఉంది. అక్కడిదాకా ఈదే శక్తి తాబేలుకు లేదు. తన వీపు మీది దీపం తీసి పడవలో పెట్టి, "ఇక నువ్వే పో. వెనక్కి తిరిగి చూడకు, దీపం ఆరిపోతుంది" అంటుంది. పడవపిల్ల వెళ్ళిపోతుంది. తాబేలు ఒడ్డున నిలబడి, దీపం చుక్కంత అయ్యేదాకా చూస్తుంది. తర్వాత ఏమీ కనపడదు. అంతటితో పుస్తకం అయిపోయింది.

బ్రేకులమ్మ స్టీరింగు వైపు తల తిప్పి, డాక్టరు చెప్పినట్టు చప్పుడు లేకుండా ఏడ్చింది. ఏడుపు తగ్గాక ఒక చిన్న సంతోషం పొడుచుకొచ్చింది. ఈ చివర తనకు తెలుసు. చిన్నదానికి తెలీదు. కానీ ఆ సంతోషం కారు దిగేలోపే చప్పబడిపోయింది. చెప్పుకోవడానికి ఎవరున్నారు? నోరు ఉన్నా చెప్పలేని సంగతి అది.

అయినా పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోలేదు. సీటు కింద రబ్బరు పరుపు ఎత్తి, దాని అడుగున పెట్టింది.

సాయంత్రం ఇల్లంతా వెతికారు. చిన్నది మంచాలు జరిపింది, బట్టల అల్మారా కింద పడుకుని చూసింది. భర్త ఫ్రిజ్ తెరిచి చూశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. బ్రేకులమ్మ కూడా వెతికింది. అందరికంటే ఎక్కువే వెతికింది. పిట్ట మాత్రం సోఫా కింద ఒకసారి చూసి లేచింది.

"పోనీలే పిన్నీ, దొరికేదాకా మనమే చెప్పుకుందాం."

ఆ సాయంత్రం ఆ ముగ్గురూ కలిసి కథ కల్పించారు. భర్త తుపాను అయ్యాడు, చెంబుతో నీళ్ళు కూడా చల్లాడు. చిన్నది తన మైకు గొంతు తీసింది. "ప్రయాణికులకు ముఖ్య గమనిక! నిద్రరాజు గారి రథం సాంకేతిక కారణాల వల్ల రద్దు చేయబడినది. కలలు పోగొట్టుకున్నవారు విచారణ కౌంటరును సంప్రదించగలరు." పిట్ట నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని కింద కూలబడింది. తన మాటకు పిట్ట అలా నవ్వి ఎన్నాళ్ళైందో అని లెక్కలు వేసుకుంటూ బ్రేకులమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. పుస్తకం ఉంటే పుస్తకంతో, లేకపోతే లేకుండానే, వాళ్ళకు వాళ్ళు సరిపోయారు. ఆమె దాచింది కాయితాలనే. పిల్లను దాచుకోలేకపోయింది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నమే ఆమె బుద్ధి తెచ్చుకుంది. పరుపు కింద నుంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, ఇంటికి వచ్చి బల్ల మీద పెట్టింది. బట్టల్లో దొరికిందని చెబుదామని ఫోన్లో ముందే రాసి ఉంచుకుంది.

అదే సమయానికి చిన్నది తలుపు తోసుకుని వచ్చింది. షిఫ్టు అయ్యాక ఊరంతా తిరిగి నాలుగు షాపుల్లో అడిగి కొన్న కొత్త పుస్తకం ఆమె చేతిలో ఉంది. బల్ల మీద పాతది చూసి ఆగిపోయింది. కొత్తదాన్ని దాని పక్కన పెట్టింది. ఒకే చీకటి సముద్రం, ఒకే దీపం, రెండు అట్టలు.

"ఎక్కడ దొరికింది?"

బ్రేకులమ్మ ఫోన్ చూపించింది. 'బట్టల్లో.'

"బట్టలన్నీ నేనే కదా అక్కా తీసి దులిపింది." చిన్నది పుస్తకం ఎత్తి వాసన చూసింది. "పెట్రోలు వాసనొస్తోంది."

ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. చిన్నప్పుడు కూడా తగువులన్నీ వంటింట్లోనే. పిట్ట ఇంకా స్కూలు నుంచి రాలేదనే అనుకున్నారు.

"నా మీద నీకు ఎందుకక్కా ఇంత?" అంది చిన్నది. ఆ గొంతులో మైకు లేదు. "నీ గొంతు బాగయ్యేదాకా నీ పిల్లకి కాస్త తోడుంటే చాలనుకున్నా. దానికీ ఏడవాలా? మీ ఇద్దరికీ ఏదో ఒట్టు ఉందని నేను కూడా ఒక్క పేజీ ముందుకు తిప్పలేదు, తెలుసా? స్టేషన్లో రైలు రైలుకీ మధ్య ఖాళీగా కూర్చుంటాను. ఆ పడవపిల్ల ఏమైందో అని రోజంతా అదే ఆలోచన. కొత్త పుస్తకం చేతిలో పెట్టుకుని బస్సులో ఇంతసేపు వచ్చా, తెరవలేదు!"

బ్రేకులమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. తనకు నోరు లేదు, దీనికి ఉంది. ఎప్పుడూ దీనికే ఉంది. ఆమె వేళ్ళు ఫోన్ మీద గబగబా కదిలాయి. రాసింది చెల్లెలి మొహం మీద పెట్టింది.

'తాబేలు ఒడ్డునే ఉండిపోతుంది. పిల్ల ఒక్కతే వెళ్ళిపోతుంది. అదే చివర.'

చిన్నది చదివింది. మళ్ళీ చదివింది. కొట్టినా అంత బాధపడేది కాదేమో.

"చెప్పేశావా!" అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకేముందక్కా? వెయ్యిమంది వింటారు నా గొంతు. ఒక్కడు తలెత్తి చూడడు. రైలు రాగానే పరిగెత్తిపోతారు. తర్వాతేమైంది అని నన్ను అడిగింది నీ కూతురొక్కతే. అది కూడా రోజుకి పదిసార్లు 'అమ్మైతే ఇలా చదువుతుంది, అమ్మైతే అలా చదువుతుంది' అంటుంది. అయినా నవ్వుతూ చదివా. నీకే ఉంటుందా కుళ్ళు?"

చెల్లెలికి కూడా కుళ్ళు ఉంటుందని ఇన్నేళ్ళలో బ్రేకులమ్మకు ఒక్కసారి కూడా తోచలేదు. పాట పాడేవాళ్ళు మంచినీళ్ళు మోసేవాళ్ళను చూసి ఏం కుళ్ళుకుంటారు? ఫోన్లో 'తప్పు నాదే' అని రాసి, చూపించడానికి చెయ్యి రాక అలాగే పట్టుకుంది.

"ఎందుకలా అరుస్తున్నావు పిన్నీ?"

గుమ్మంలో పిట్ట. స్కూలు బ్యాగు ఇంకా భుజానే ఉంది. రెండు పుస్తకాలూ చంకలో ఉన్నాయి. పిన్ని కళ్ళు తుడుచుకుంది. పిట్ట అమ్మ చేతిలో ఫోన్ లాక్కుని చూసింది. పైనున్నదీ చదివింది, కిందున్నదీ చదివింది.

"అమ్మా! చివర చెప్పేశావా పిన్నికి? ఛీ, ఎంత ఘోరం! నేనైతే చచ్చినా చెప్పేదాన్ని కాదు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. చిన్నదే ముందు తేరుకుంది. "నువ్వు చెప్పడమేంటి? నీకేం తెలుసు?"

పిట్ట నాలిక కరుచుకుంది. బ్యాగు దింపి, కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీసింది.

"నేను ఎప్పుడో చదివేశా. స్కూల్ లైబ్రరీలో. వాళ్ళందరూ చెప్పేస్తారని భయమేసి, లంచ్ టైములో కూర్చుని చదివేశా. పిన్ని సగానికి రాకముందే అయిపోయింది."

"మరి రోజూ కూర్చుని విన్నావేంటే?"

"అమ్మ కోసం!" పిట్టకు కొంచెం కోపం వచ్చింది, ఇంత తెలిసిన సంగతి అడుగుతారేంటని. "అమ్మ రోజూ ఆ పుస్తకం తీసి అట్ట తుడిచి, తుడిచి పెట్టేసేది. పాపం కథ కోసం చచ్చిపోతోంది, నేను చదివేశానంటే ఏడుస్తుంది అనుకున్నా. పిన్ని చదువుతోంది కదా, అమ్మైనా వింటుందిలే అని ఊరుకున్నా. తర్వాత పిన్ని కూడా తెగ ఇష్టపడిపోయింది. మధ్యలో లేచిపోతే బాగోదు కదా!"

చిన్నది ముందు నోరు తెరిచింది, తర్వాత చేత్తో మూసుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుని బ్రేకులమ్మ దగ్గరికి వెళ్ళింది. నవ్వుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పిల్ల కోసం పుస్తకాలు దాచుకుని, కొనుక్కుని, వంటింట్లో కొట్టుకున్నంత పని చేశారు. ఆ పిల్ల మాత్రం వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి వినిపించింది. బ్రేకులమ్మకూ నవ్వు తన్నుకొచ్చింది. చప్పుడు రాకూడదు గనుక పొట్ట పట్టుకుని సింకు మీదికి వంగింది.

నవ్వుతున్నా ఆమెకు లోపల ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. తాబేలు ఒడ్డున మిగిలిపోయిన పేజీ పిట్ట ఒక్కతే చదివింది, లైబ్రరీ బల్ల ముందు, చుట్టూ డబ్బాలు తెరిచి తింటున్న పిల్లల మధ్య. అప్పుడు ఏడ్చిందా? ఎవరైనా చూశారా? అడగడానికి గొంతు లేదు. ఫోన్లో రాసి అడిగే ప్రశ్న కాదు అది.

"ఇక మీరు చదువుకోండి. నేను సైకిల్ తొక్కొస్తా" అంది పిట్ట. పుస్తకాలు రెండూ బల్ల మీద పడేసి, మెట్లు దిగి పరుగు తీసింది.

బ్రేకులమ్మ గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. చిన్నది ఒక పుస్తకం పట్టుకుని వెనకాలే వచ్చి, "ఎలాగూ చివర చెప్పేశావు కదా. ఎలా జరిగిందో నేను చదువుతా, వింటావా?" అంది. బ్రేకులమ్మ మంచం మీద జరిగి, అంచున తన చోటు ఆమెకు చూపించింది.

ఆ సాయంత్రం నుంచి మూడు సాయంత్రాలు చిన్నది అక్కకు చదివింది. బావ కూడా వచ్చి కూర్చున్నాడు, ఆయనకు నిజంగానే చివర తెలియదు గనుక ఇద్దరూ జాగ్రత్తగా నోరు మూసుకున్నారు. పిట్ట మధ్యమధ్య వచ్చి, వాళ్ళ మొహాలు చూసి, తనకు తెలిసినదాన్ని నొక్కిపట్టుకుని మళ్ళీ వెళ్ళిపోయేది. తాబేలు దీపం తీసి పడవలో పెట్టిన చోట చిన్నదాని గొంతు వణికింది. ఎంత రద్దీలోనైనా, ఎంత ఆలస్యంలోనైనా తొణకని ఆ గొంతు పగిలిపోయి, వాక్యం మధ్యలో ఆగిపోయింది. బ్రేకులమ్మ చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది. పగిలినా ఎంత బాగుందో ఆ గొంతు అనుకుంది. అనుకుని, ఒక పిసరు మళ్ళీ కుళ్ళుకుంది. కానీ చెయ్యి తియ్యలేదు.

రెండు వారాలూ గడిచాక డాక్టరమ్మ మాట్లాడమంది. కొత్త గొంతు సన్నగా, పరాయిదానిలా వచ్చింది. అరవద్దని గట్టిగా చెప్పారు. డ్రైవింగ్ స్కూల్లో ఇప్పుడు నోటికంటే కాలే ముందు కదులుతోంది. వచ్చినవాళ్ళు కొంచెం నిరాశపడుతున్నారు కూడా. చిన్నది తన ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కొన్న పుస్తకం తనతో తీసుకెళ్ళింది. వారానికి ఒకసారి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ ఇదివరకటి కంటే ఎక్కువసేపే మాట్లాడుకుంటారు, ఇదివరకటి కంటే ఎక్కువే పోట్లాడుకుంటారు.

గొంతు కుదుటపడ్డాక బ్రేకులమ్మ ఒక సాయంత్రం పిట్ట గదిలోకి వెళ్ళింది. పిట్ట బోర్లా పడుకుని ఇంకో లావుపాటి పుస్తకం చదువుతోంది. అట్ట మీద మంచుకొండలు, ఎగిరే తోడేళ్ళు. ఆమె ఎప్పుడూ చూడని పుస్తకం, ఎవరు ఇచ్చారో తెలియదు.

"కొత్తదా? నేను చదవనా పైకి?" అంది.

"వద్దమ్మా. నువ్వు మెల్లిగా చదువుతావు." మాట అన్నాక పిట్టకు ఏదో తట్టినట్టుంది, తలెత్తింది. "బాగా చదువుతావు, కానీ మెల్లిగా."

"ఏముంది అందులో? తోడేళ్ళు ఎక్కడికి పోతున్నాయి?"

"ఆగు, ఈ పేజీ అవనీ, చెప్తా." పిట్ట చూపుడువేలు ఎత్తి పట్టుకుంది, కళ్ళు అప్పుడే మళ్ళీ కాయితం మీదికి దిగిపోయాయి.

బ్రేకులమ్మ మంచం కాళ్ళవైపు కూర్చుంది. ఆ పేజీని, దానిలోని ముక్కూ మొహం తెలియని తోడేళ్ళను చూసి కడుపు మండుతుండగా, కూతురు పేజీ తిప్పడం కోసం ఎదురుచూసింది. పిట్ట పేజీ తిప్పింది. వేలు మాత్రం దించలేదు.